వంటగదితో పాటు గ్లెనిస్

డాఫడిల్ పూలు కట్టలు కట్టేటప్పుడు కాడల్లోంచి జిగురు కారి వేళ్లకు అంటుకుంటుంది. మర్నాటికి చర్మం ఎర్రబడి ఒకటే దురద. అయినా ప్రతి ఏడూ అమ్మల ఆదివారానికి ముందురోజు చర్చి వెనక గట్టు మీద కోసుకొచ్చి, వంటగది బల్ల మీద పరుచుకుని, నేనే కట్టాలి. ఆ రోజు మా దగ్గర భోజనానికి వచ్చిన ప్రతి అమ్మ చేతిలోనూ ఒక పూలకట్ట పెట్టడం మా నల్లపొట్టేలు ఆనవాయితీ. నల్లపొట్టేలు అంటే మా పబ్బు. గుమ్మం పైన వేలాడే బొమ్మలో ఆ పొట్టేలు అచ్చం మా అత్తగారిలాగే ఎవర్నో పొడవడానికి సిద్ధంగా ఉంటుంది.

"ఎన్ని కట్టావు?" తలుపు దగ్గర కర్ర మీద వాలి నిలబడి అడిగాడు మా ఆయన నార్మన్.

"అరవై."

"ఇంకొకటి కట్టు. బీరు కంపెనీ ప్రాసర్ గారు వాళ్లావిడని కూడా తీసుకొస్తున్నారట."

ఇంకొకటి కట్టాను. పూలు ఇంకా బోలెడు మిగిలాయి. ఒకటి నా కోసం కట్టుకుంటే ఎవరొద్దంటారు అని ఒక్క క్షణం అనిపించింది. కట్టుకుని ఏం చేసుకోను, నాకు నేనే ఇచ్చుకుని నాకు నేనే థాంక్స్ చెప్పుకోవాలి.

అమ్మల ఆదివారం నాడు మా ఊళ్లో ఏ అమ్మా పొయ్యి వెలిగించకూడదు. పిల్లలు పొద్దున్నే మంచం దగ్గరికే టీ తెచ్చిస్తారు, సగం సాసర్లోనే ఉంటుందనుకోండి. మొగుళ్లు ఏడాదికోసారి బూట్లు తుడుచుకుని పెళ్లాన్ని మా పబ్బుకి భోజనానికి తీసుకొస్తారు. "నువ్వు కూర్చో, ఇవాళ నువ్వేం చెయ్యక్కర్లేదు" అన్న మాట ఊరంతా వినిపిస్తుంది. ఊరి అమ్మలందరి తరఫునా పొయ్యి వెలిగించేది నేను. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా పర్వాలేదంటారు. వడ్డించేది మనమే అయితే మాత్రం కడపంక్తి కూడా ఉండదు. ఆ రోజు నా భోజనం సాయంత్రం వేళ, మాంసం కాల్చిన పళ్లెం అంచున అంటుకున్న ముక్కలు గీక్కుని, సింకు పక్కన నిలబడి. నిజం చెప్పొద్దూ, ఆ మాడు ముక్కలే అన్నిటికన్నా రుచి.

ఇదంతా విని నాకు ఆ పబ్బంటే విసుగనుకునేరు. ప్రాణం. వంటగదికీ బారుకీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. నిండు పళ్లేలు అందులోంచి వెళ్తాయి, ఖాళీవి అందులోంచే తిరిగొస్తాయి. ఇరవై ఏడేళ్లుగా ఆ కిటికీ దగ్గర నేను వినని సంగతి లేదు. ఎవరి గొర్రె కవలల్ని ఈనింది, ఏ ఇద్దరు అన్నదమ్ములు కంచె గురించి మాటలు మానేశారు, కొత్త పాదిరిగారు ప్రసంగంలో ఎక్కడ తడబడ్డారు, అన్నీ ఉల్లిపాయలు తరుగుతూనే విన్నాను. వానరోజు తడిసిన కుక్కలూ ఉన్ని కోట్లూ నిప్పు ముందు ఆరుతుంటే వచ్చే ఆ కంపు కూడా నాకు ఇష్టమే. గొర్రెల కాపరి పెర్సీది కిటికీ పక్క కుర్చీ. ఎవరైనా కొత్తవాళ్లు తెలీక అందులో కూర్చుంటే లెమ్మని ఎవరూ అనరు. గదిలో మాటలు ఆగిపోతాయి, అంతే. ఆ నిశ్శబ్దానికే వాళ్లు గ్లాసు పట్టుకుని లేచిపోతారు. నిప్పు పక్క పొడుగాటి చెక్క బల్ల మా అత్తగారు హెస్టర్‌ది. ఇద్దరు హాయిగా పట్టే ఆ బల్ల మీద ఒక పక్క ఆవిడ, రెండో పక్క ఆవిడ చేతిసంచీ కూర్చుంటారు. ఆ సంచీని జరపమని అడిగే మగవాడు మా కొండల్లో పుట్టలేదు. ఇలా మా పబ్బులో కుక్కలతో సహా అందరికీ ఒక చోటుంది.

నేను వంటగదిలోకి ఎలా వచ్చానో చెబితే నవ్వొస్తుంది. పెళ్లయిన కొత్తలో బారు వెనకే నిలబడేదాన్ని. బీరు పోస్తూ, గొర్రెల వాళ్ల వెక్కిరింతలకి ఎదురు వెక్కిరింతలు విసురుతూ, పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. అప్పుడు పబ్బు మామగారి పేరున ఉండేది, వంట అత్తగారిది. ఒకరోజు ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "ఏవమ్మా గ్లెనిస్, బారు వెనక ఆడది మగాడికంటే గట్టిగా నవ్వితే పబ్బుకి గిరాకీ పెరగదు, పుకార్లు పెరుగుతాయి" అంది. ఆ నెలలోనే ఆవిడ నడుము పట్టేసింది. "ఓ రెండు వారాలు వంట చూసుకోవా గ్లెన్, అమ్మ లేచేదాకా" అన్నాడు నార్మన్. అమ్మ లేచింది. లేచి నిప్పు పక్కన బల్ల మీద కూర్చుంది. నా రెండు వారాలు మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

నార్మన్ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎప్పుడో తేలిపోయేది. బారు వెనక అతను నిలబడితే గదిలో ఇంకో దీపం వెలిగించినట్టుంటుంది. ఎవరికి భార్య పోయిందో, ఎవరికి వెన్ను నొప్పో గుర్తుపెట్టుకుని అడుగుతాడు. జనం తన కబుర్ల కోసం వస్తారని మనస్ఫూర్తిగా నమ్ముతాడు, సగం నిజం కూడాను. మిగతా సగం పిండిపొరలో మాంసం కూరి కాల్చిన 'పై', ఆవిరి మీద ఉడికిన పుడ్డింగు, దాని మీద కస్టర్డ్. అది అతనికి తట్టదు. ఎవరైనా కొత్తగా వచ్చి, "వంట చేసినావిడని ఓసారి పిలవండి, మెచ్చుకోవాలి" అంటే, "మా ఆవిడకి సిగ్గండీ. జనంలోకి రాదు" అంటాడు. మొదటిసారి కిటికీలోంచి విన్నప్పుడు ఎవరి గురించి చెబుతున్నాడా అనుకున్నాను. చేతుల నిండా పిండి, పొయ్యి మీద నాలుగు గిన్నెలు, సిగ్గు పడేంత తీరిక ఎక్కడిది నాకు? వెళ్లి అది అబద్ధమని చెప్పాలంటే మాంసం మాడిపోతుంది. అలా ఏళ్లు గడిచేసరికి ఊరంతా నాతో గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది. దుకాణంలో కనబడితే, జబ్బు మనిషిని పలకరించినట్టు పలకరిస్తారు. ఎవరైనా గట్టిగా జోకు వేస్తే నా వైపు చూసి నాలిక కరుచుకుంటారు. నేను వాళ్లకి చెప్పగలిగిన జోకులు వింటే పాదిరిగారు ఊరు వదిలి పోయేవారు.

పోయినేడు నార్మన్ మోకాళ్లు రెండూ మొరాయించాయి. నేలమాళిగ మెట్లు దిగొద్దని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. బీరు పీపాలు ఉండేది నేలమాళిగలోనే. అప్పట్నుంచి దిగుతున్నది నేను. పీపా వచ్చాక దాన్ని కదపకుండా మడ్డి అడుక్కి దిగేదాకా ఆగాలి, అయిపోవచ్చేటప్పుడు వెనక వైపు మెల్లగా ఎత్తాలి, చెయ్యి వణికిందా గ్లాసులోకి బురదే. ఒక్క గ్లాసూ వెనక్కి రాలేదు. "నీ చెయ్యి పడితే బీరు అద్దమేనోయ్ నార్మన్" అని పెర్సీ అంటే, నార్మన్ "ఏదో, అలవాటు" అన్నాడు. మర్చిపోయి అన్నాడు, పొగరుతో కాదు. సొమ్మొకడిది సోకొకడిది అనుకుని నేను పిండి పిసుక్కున్నాను, మామూలుకంటే కాస్త గట్టిగా.

పబ్బు భవనం బీరు కంపెనీవాళ్లది. లీజు ఎవరికిస్తే వాళ్ల పేరు గుమ్మం మీది చెక్క మీద రాయిస్తారు. ఈ వసంతంతో నార్మన్ లీజు అయిపోతుంది. ఇక తన వల్ల కాదని, తన అక్క కొడుకు క్రెయిగ్‌కి ఇప్పిస్తే బావుంటుందని అతను కంపెనీ మనిషి ప్రాసర్ గారితో అనేశాడు. ఆ సంగతి నాకంటే ముందు పెర్సీకి చెప్పాడు. కిటికీ ఉంది కాబట్టి నాకూ తెలిసింది. క్రెయిగ్ బర్మింగ్‌హామ్‌లో ఏదో పెద్ద బారులో పనిచేశాడు. మంచి కుర్రాడే, జుట్టుకి రాసుకునే జిగురు మీద ఉన్న శ్రద్ధ ఇంకా దేని మీదా లేదు. మొన్నొచ్చినప్పుడు నేను చేసిన మాంసం 'పై'ని వేలుతో కొట్టి చూసి, "ఇంత కష్టం ఎందుకత్తా, ఫ్రీజర్లోంచి తీసి నూనెలో పడేస్తే చాలు, ఎవడికీ తేడా తెలీదు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపంతో అనుకున్నాను ముందు. కాదు, ఆశతో. ఈ పబ్బు నాకు కావాలి. వంటగది మాత్రమే కాదు, మొత్తం కావాలి. బారు వెనక నిలబడి, పొట్ట పట్టుకుని నవ్వుతూ, "ఏం పెర్సీ, నీ కుక్క నీకంటే శుభ్రంగా ఉందే" అనాలి. యాభై మూడేళ్లొచ్చాక ఒక మనిషికి ఇంత చిన్నపిల్లలాంటి కోరిక ఉండొచ్చా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. ఉండకూడదని ఎక్కడా రాసిలేదు.

అందుకే శనివారం ఆ పూలు కడుతూనే అడిగేశాను. "నార్మన్, లీజు నాకెందుకు ఇప్పించకూడదు?"

అతను నవ్వాడు. ప్రేమగానే. దగ్గరికొచ్చి నా జుట్టులో అంటుకున్న ఆకు తీశాడు. "నీకెందుకు గ్లెన్ ఈ తలనొప్పి? లెక్కలు, కంపెనీవాళ్లు, తాగుబోతుల్ని బయటికి పంపడం. నీకు జనమంటే సిగ్గు. క్రెయిగ్ చూసుకుంటాడు. నువ్వు ఎప్పట్లాగే హాయిగా వంటగదిలో ఉండు."

ఊరికి చెప్పిన మాట అతనూ నమ్మేశాడని అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లు ఒకే మంచం మీద పడుకున్న మనిషి, నేను ఎలాంటిదాన్నో వేరేవాళ్లకి చెప్పీ చెప్పీ, అసలు నేను ఎలా ఉంటానో మర్చిపోయాడు. ఏడుపొచ్చింది. జిగురు చేతులతో కళ్లు తుడుచుకోకూడదు కాబట్టి ఏడవలేదు.

ఆదివారం పొద్దున్నుంచి పొయ్యిలన్నీ మండుతూనే ఉన్నాయి. ఓవెన్ తలుపు మధ్యలో తెరిస్తే మాంసం పక్కన పెట్టే యార్క్‌షైర్ పుడ్డింగులు పొంగడం మాని అలిగి కూలబడిపోతాయి, అందుకని దాని ముందు కుర్చీ అడ్డం పెట్టాను. సాయానికి వచ్చిన మా అమ్మాయి నెరిస్ పళ్లేలు మోస్తోంది. కిటికీలోంచి తల దూర్చి నా బుగ్గ మీద ముద్దు పెట్టి, "అమ్మా, నీకివాళ మంచి కానుక తెచ్చాను, తర్వాత చూద్దువుగాని, ముందు ఆ మూల బల్లవాళ్లు గ్రేవీ అడుగుతున్నారు" అంది. అటునుంచి మా అత్తగారి గొంతు వినబడింది. "గ్లెనిస్‌ని అడుగు, గ్రేవీలో నిన్నటి వాననీళ్లు కూడా కలిపిందేమో." ఆవిడ పళ్లెం తిరిగొచ్చింది, నాకి తుడిచినట్టు ఖాళీగా. అటువైపు ప్రాసర్ గారు గ్లాసు వెలుతురుకి పెట్టి చూస్తూ, "ఇంత తేటగా ఈ కొండల్లో ఇంకెక్కడా లేదు నార్మన్" అన్నారు. నార్మన్ "ఏదో, అలవాటు" అన్నాడు.

తీపి పుడ్డింగులు అయ్యాక నార్మన్ గ్లాసు మీద చెంచాతో కొడతాడు. పూలకట్టలు పంచుతాడు. తర్వాత, "మరి మన వంటావిడ ఏదీ?" అంటాడు. నేను కిటికీలోంచి తల బయట పెట్టి చెయ్యి ఊపుతాను. అందరూ చప్పట్లు కొడతారు. నేను తల లోపలికి తీసుకుంటాను. ఏటా ఇదే వరస. ఈసారి పూలు పంచాక అతను కాస్త గొంతు సవరించుకున్నాడు.

"ఇది నా ఆఖరి అమ్మల ఆదివారం" అన్నాడు. గదిలో అయ్యో అని ఒక మూలుగు లేచింది. "ఏడవకండి, బీరు పల్చనవుతుంది. మా క్రెయిగ్‌కి అప్పగిద్దామని ప్రాసర్ గారూ నేనూ అనుకుంటున్నాం. కారే పైకప్పు వాడికే, పొగ కక్కే చిమ్నీ వాడికే, నేలమాళిగలో ఎలకలు వాడికే. మీ భోజనం గురించి బెంగ పడకండి. గ్లెనిస్ ఎక్కడికీ పోదు. వంటగదితో పాటే వస్తుంది."

అందరూ నవ్వారు. అమ్మలు కూడా నవ్వారు, పూలు పట్టుకుని. వెక్కిరింత ఏమాత్రం లేదు ఆ నవ్వులో, అంతా ఆప్యాయతే. నన్ను అంతగా కుదిపింది అదే. ఆ తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. అందరి కళ్లూ నా తల కోసం కిటికీ వైపు తిరిగాయి.

నేను తల పెట్టలేదు. రెండో విడత వాళ్ల కోసం కస్టర్డ్ గిన్నె సన్నమంట మీద ఉంది. దాని వైపు ఒకసారి చూశాను. ఏప్రన్ విప్పి తలుపు వెనక తగిలించాను. వెనక తలుపులోంచి పెరట్లోకి, ఖాళీ పీపాల పక్కనుంచి, చుట్టూ తిరిగి రోడ్డు మీదికి వచ్చి, వచ్చేవాళ్లందరూ వచ్చే వీధి తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. చప్పట్లు కొడుతున్నవాళ్లు కొడుతూనే ఉన్నారు, నన్ను చూశాక ఒక్కొక్కరే ఆపారు. మొహం ఓవెన్ వేడికి కందిపోయి ఉంటుంది, జుట్టు ఎలా ఉందో దేవుడికెరుక. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. నిండిన గదిలో నిలబడి, నా సొంత పబ్బులో నాకు కుర్చీ వెతుక్కున్నాను.

మా అత్తగారు చేతిసంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఏం చూస్తావ్, కూర్చో" అంది.

కూర్చున్నాను. "ప్రాసర్ గారూ, ఆ లీజు నాకు కావాలండీ" అన్నాను.

"గ్లెన్, ఇప్పుడా?" నార్మన్ కర్ర పట్టుకుని రెండడుగులు వేశాడు. "తర్వాత మాట్లాడుకుందాం కదా." ప్రాసర్ గారి వైపు తిరిగి, చిన్నగా నవ్వి, "పొద్దున్నుంచి వేడిలో ఉంది పాపం. నలుగురిలో మాట్లాడే అలవాటు లేదండీ ఆవిడకి. సిగ్గు" అన్నాడు.

"నాకూ సిగ్గేనటరా నార్మన్" అంది మా అత్తగారు. గట్టిగా అనలేదు, అయినా గదంతా వింది. "నేను ఆ వంటగదిలో ముప్పయ్యేళ్లున్నాను. మీ నాన్న ఇదే చోట నిలబడి, 'మా హెస్టర్‌కి సిగ్గండీ, జనంలోకి రాదు' అని ఊరందరికీ చెప్పాడు. ఎవరైనా చూశారా నేను సిగ్గుపడగా?"

కిటికీ పక్క కుర్చీలోంచి పెర్సీ, "నేను చూళ్లేదమ్మా. నిన్ను చూసి భయపడ్డం మాత్రం చేశాను" అన్నాడు.

ఆవిడ నా వైపు చూడలేదు. నన్ను బారు వెనక నుంచి పక్కకి పిలిచిన రోజున ఆవిడ ఏ కోపాన్ని నా మీద తీర్చుకుందో నాకు అప్పుడర్థమైంది. ఆ పాత మాట నేను పూర్తిగా క్షమించానని చెప్పలేను. కానీ ఆవిడ భుజం నా భుజానికి ఆనుకుని ఉంది, నేను జరగలేదు.

ప్రాసర్ గారు గ్లాసు బల్ల మీద పెట్టారు. ఆ గ్లాసు కేసి చూసి అన్నాను. "మీరిందాక మెచ్చుకున్న బీరు ఏడాదిగా నా చేతిది. ఇక్కడ వీళ్లంతా తింటున్న భోజనం ఇరవై ఏడేళ్లుగా నా చేతిది. క్రెయిగ్ మంచివాడు, వాడికి బారు వెనక పని నేనే ఇస్తాను. లీజు వాడికిస్తే మాత్రం వాడికి భవనం వస్తుంది, పొట్టేలు బొమ్మ వస్తుంది, ఎలకలొస్తాయి. నేను రాను. ఈ బల్ల మీంచి లేచాక ఆ వంటగదిలో మళ్లీ అడుగు పెట్టను. అది కూడా లెక్కలో వేసుకుని చూడండి."

ప్రాసర్ గారు వాళ్లావిడ వైపు చూశారు. ఆవిడ నా పూలకట్ట ఒళ్లో పెట్టుకుని, ఆయన ఏమంటారా అని చూస్తోంది. అప్పుడొచ్చింది వాసన. పాలు అడుగంటుతున్న వాసన. కస్టర్డ్. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ నా వైపు తిరిగారు, నేను లేస్తానని. నా మోకాళ్లు కూడా అలవాటు కొద్దీ లేవబోయాయి. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. నెరిస్ ఒక అడుగు వేసింది. నేను తల అడ్డంగా ఊపాను.

నార్మన్ నా కేసి చూశాడు. కోపం లేదు ఆ మొహంలో, తెలిసిన ఊళ్లోనే దారి తప్పినవాడిలా ఉన్నాడు. కర్ర తాటించుకుంటూ బారు దాటి వంటగదిలోకి వెళ్లాడు. గిన్నె మోగింది. ఏదో కింద పడింది. కాసేపటికి ఆ చిన్న కిటికీలోంచి అతని తల బయటికొచ్చింది, కళ్లజోడు నిండా ఆవిరితో.

"గ్లెన్," అన్నాడు, "ఈ పొయ్యి ఆర్పేదెలా?"

ఎవరూ నవ్వలేదు. ప్రాసర్ గారు అప్పటిదాకా నార్మన్ నిలబడిన వైపుకి పెట్టుకున్న కుర్చీని నెమ్మదిగా లాగి నా ఎదురుగా వేసుకున్నారు. "మంగళవారం మీకు వీలవుతుందా అండీ?" అని నన్నడిగారు.

వీలవుతుందన్నాను. తర్వాత కిటికీ వైపు తిరిగి, కూర్చున్న చోటి నుంచే, గదంతా వినేట్టు చెప్పాను.

"ఎడమచేతి వైపు మొదటి మీట, నార్మన్. కుడికి తిప్పు. గుర్తుపెట్టుకో, ఇకనుంచి రోజూ పనికొస్తుంది."